కత్తికి ముందు సూది: పాదంలో ఎముక కంతులకు తొందరపాటు కోతలు తగవు

మనిషి శరీరంలో ఉన్న 206 ఎముకల్లో 52 ఎముకలు రెండు పాదాల్లోనే ఉన్నాయి. అంటే నాలుగోవంతు. అయినా ఎముకలో పుట్టే కంతులు పాదంలో కనిపించడం చాలా అరుదు. అవి ఎక్కువగా మోకాలి చుట్టూ, భుజం దగ్గర, తుంటి భాగంలో పుడతాయి. ఒక సాధారణ ఎముకల వైద్యుడు తన వృత్తి జీవితమంతటిలో పాదపు ఎముకలో కంతిని వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే చూస్తాడు. అరుదైన వ్యాధులకు ఒక చెడ్డ గుణం ఉంది. వాటిని ఎవరూ ముందుగా ఊహించరు. ఊహించని వ్యాధికి సిద్ధపడి ఉండటం జరగదు. సిద్ధపడకుండా చేసిన శస్త్రచికిత్సకు మూల్యం చెల్లించేది వైద్యుడు కాదు, రోగి.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాదపు ఎముకలో కంతి ఉన్నదన్న అనుమానం కలిగినప్పుడు, దాని పేరేమిటో తెలుసుకోకుండా కత్తి పెట్టకూడదు. ‘చిన్న గడ్డే కదా, తీసేసి చూద్దాం’ అన్న మాట మన ఊళ్ళలో, పట్టణాల్లో, ఒక్కోసారి పెద్ద నగరాల్లో కూడా ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ మాట ధైర్యంగా వినిపిస్తుంది, రోగికి ఊరటగా కూడా ఉంటుంది. కాని అది ప్రమాదకరమైన మాట. ఎందుకు ప్రమాదకరమో వివరిస్తాను. దానికి ఎదురుగా వినవచ్చే వాదనలకు కూడా సమాధానం చెబుతాను.

నొప్పికి తొందరగా పేరు పెట్టేస్తాం

పాదం నొప్పి మనకు కొత్త కాదు. పొలంలో పనిచేసేవారికి, రోజంతా నిలబడి వ్యాపారం చేసుకునేవారికి, బరువు ఎక్కువగా ఉన్నవారికి మడమనొప్పి తరచుగా వస్తుంది. అందులో అత్యధిక భాగం అరికాలి పొర వాపు వల్ల వచ్చేదే. ఆ నొప్పికి ఒక తీరు ఉంది. పొద్దున్న మంచం దిగి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు పొడిచినట్లుగా ఉండి, కొంచెం నడిచాక తగ్గుతుంది. విశ్రాంతి తీసుకుంటే ఉపశమిస్తుంది. కొన్ని వారాలలోనో నెలలలోనో చాలామందికి నయమవుతుంది.

కంతి వల్ల వచ్చే నొప్పి తీరు వేరు. అది విశ్రాంతిలోనూ ఉంటుంది. రాత్రి నిద్రలో లేపుతుంది. వారాలు గడిచేకొద్దీ తగ్గకపోగా పెరుగుతుంది. కొంతకాలానికి వాపు కనిపిస్తుంది. ఆ వాపు గట్టిగా, ఎముకకు అంటుకొని ఉంటుంది. చిన్నపాటి బెణుకుకే ఎముక విరగవచ్చు. ఇలాంటి నొప్పికి కూడా మనం పాత పేర్లే పెడతాం. బెణుకు అంటాం, వాతం అంటాం, చెప్పులు సరిపడలేదంటాం. నూనె రాసి మర్దన చేయిస్తాం. నాటుకట్టు కట్టిస్తాం. అక్కడితో ఆగక, ఎక్స్‌రే అయినా తీయకుండా మడమలోకి స్టీరాయిడ్ సూదిమందు ఒకటికి రెండుసార్లు ఇచ్చేవారూ ఉన్నారు. ఆ మందు నొప్పిని కొన్నాళ్ళు అణచిపెడుతుంది. కంతి మాత్రం తన పని తాను చేసుకుపోతుంది.

మూడు, నాలుగు వారాల చికిత్సకు లొంగని పాదపు నొప్పికి, రాత్రివేళ బాధించే నొప్పికి, తగ్గని గట్టి వాపుకు ముందుగా కావలసింది రెండు కోణాలలో తీసిన ఒక ఎక్స్‌రే. అంతకంటే చవకైన, అందుబాటులో ఉన్న పరీక్ష మరొకటి లేదు. మర్దనకు, పట్టీలకు పెట్టే ఖర్చులో కొద్ది భాగం చాలు.

ఒకే రూపం, అనేక వ్యాధులు

ఎక్స్‌రేలో పాదపు ఎముక లోపల నల్లని గుల్ల కనిపించింది అనుకుందాం. అది ఏమిటి?

అది జైంట్ సెల్ ట్యూమర్ కావచ్చు. దీన్ని తెలుగులో మహాకణ కంతి అనవచ్చు. సూక్ష్మదర్శినిలో అనేక కేంద్రకాలున్న పెద్ద పెద్ద కణాలు కనిపించడం వల్ల దానికా పేరు వచ్చింది. ఇది ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్యవారికి వస్తుంది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలోనూ చైనాలోనూ ఎముక కంతుల్లో దీని వాటా ఎక్కువ. సాధారణంగా ఇది ప్రాణాంతకం కాదు, కాని నిరపాయకరమని కూడా అనలేం. ఉన్నచోట ఎముకను తినివేస్తుంది, తీసివేసినా తిరిగి వస్తుంది, కొద్దిమందిలో ఊపిరితిత్తులకు కూడా చేరుతుంది. పాదంలో, చేతిలో వచ్చినప్పుడు దీని దూకుడు మరింత ఎక్కువ.

అది కాండ్రోబ్లాస్టోమా కావచ్చు. కౌమారంలోనూ తొలి యౌవనంలోనూ చీలమండలోని టేలస్ ఎముకలో, మడమ ఎముకలో కనిపించే కంతి ఇది. రక్తంతో నిండిన తిత్తి కావచ్చు. ఆస్టియోసార్కోమా, యూయింగ్ సార్కోమా వంటి అసలైన ఎముక క్యాన్సరూ కావచ్చు. ఇవేవీ కాక ఎముకకు పట్టిన క్షయ కావచ్చు. చెప్పుల్లేకుండా పొలాల్లో తిరిగేవారికి వచ్చే మదురా పాదం కావచ్చు. మన పొరుగున ఉన్న మదురై పేరునే ప్రపంచ వైద్యగ్రంథాలు ఈ వ్యాధికి పెట్టాయి. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినప్పుడు ఎముకలో ఏర్పడే బ్రౌన్ ట్యూమర్ కూడా కావచ్చు. ఇది సూక్ష్మదర్శినిలో సైతం మహాకణ కంతిలాగే కనిపించి వైద్యులను మోసగిస్తుంది. రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను పరీక్షిస్తే దాని గుట్టు బయటపడుతుంది.

ఇప్పుడు వీటి చికిత్సలు చూడండి. క్షయకు నెలల తరబడి మందులు కావాలి. మదురా పాదానికి అది సూక్ష్మక్రిమి వల్ల వచ్చిందా, శిలీంధ్రం వల్ల వచ్చిందా అన్నదానిని బట్టి మందులు మారతాయి. బ్రౌన్ ట్యూమర్‌కు శస్త్రచికిత్స చేయవలసింది పాదానికి కాదు, మెడకు. మహాకణ కంతిని గోకి తీయాలి. ఆస్టియోసార్కోమాకు, యూయింగ్ సార్కోమాకు ముందు కీమోథెరపీ ఇచ్చి, ఆ తరువాత కంతి చుట్టూ ఆరోగ్యకరమైన కణజాలాన్ని కూడా కలిపి తొలగించాలి. క్యాన్సరును మహాకణ కంతి అనుకొని గోకితే వ్యాధి పాదమంతా చిమ్ముతుంది. క్షయను క్యాన్సర్ అనుకొని కోస్తే దక్కవలసిన ఎముక పోతుంది. ఎక్స్‌రేలో ఒకేలా కనిపించే మచ్చకు ఇన్ని చికిత్సలున్నప్పుడు, ‘తీసేసి చూద్దాం’ అనడం చీకట్లో చేయిపెట్టడమే.

ఒక యువకుడి బొటనవేలు

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు చూసిన ఒక రోగి సంగతి చెబుతాను. గుర్తింపు తెలిసే వివరాలు వదిలివేస్తున్నాను. ఇళ్ళకు టైల్స్ వేసే పని చేసుకునే ఇరవైనాలుగేళ్ళ యువకుడు. బొటనవేలి వెనుక, పాదం లోపలి అంచున వాపు వచ్చింది. ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో ఎక్స్‌రే తీయలేదు. నీటిబుడ్డ అని చెప్పి, అడ్డంగా కోత పెట్టి తీసివేశారు. తీసిన ముక్కను పరీక్షకు పంపలేదు. ఆ శస్త్రచికిత్సకు సంబంధించి అతని దగ్గర మిగిలింది బిల్లు కాగితం మాత్రమే.

ఏడు నెలలకు అతను మా దగ్గరికి వచ్చేసరికి పాత మచ్చలోంచి కంతి బయటికి ఉబికి ఉంది. ఎం.ఆర్‌.ఐ.లో మొదటి ప్రపదాస్థి, అంటే బొటనవేలిని మోసే పొడుగాటి ఎముక, దాదాపు పూర్తిగా పోయింది. చుట్టూ ఉన్న మెత్తని కణజాలంలో, వేలిని కదిలించే స్నాయువుల వెంట కంతి పాకింది. సూదితో ముక్క తీసి పరీక్ష చేయిస్తే మహాకణ కంతి అని తేలింది. మొదటే తెలిసి ఉంటే దాన్ని ఎముక లోపలే గోకి తీసి, గుల్లను నింపి వేలిని కాపాడే అవకాశం ఉండేది. ఎముక బాగా దెబ్బతిని ఉన్నా ఆ ఒక్క ఎముకను తీసి, పిక్క పక్కనుండే సన్నని ఎముక ముక్కను ఆ స్థానంలో అమర్చవచ్చు. ఇప్పుడా దారులు రెండూ మూసుకుపోయాయి. బొటనవేలిని, దాని వెనుక ఎముకను, మచ్చపడిన చర్మంతో సహా తీసివేయవలసి వచ్చింది.

నడిచేటప్పుడు అడుగును ముందుకు నెట్టేది బొటనవేలే. నేలమీద గొంతుక్కూర్చుని, మునివేళ్ళ మీద బరువు మోపి పనిచేసే మనిషికి అది లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అతని ప్రాణానికి ప్రమాదం తప్పింది. కాని అతని పని పోయింది. ఒక ఎక్స్‌రే, ఒక సూది పరీక్ష దానిని కాపాడి ఉండేవి.

పాదంలో మొదటి కోతే కీలకం

తొడలోనో భుజంలోనో కంతి వస్తే చుట్టూ దళసరి కండరాలుంటాయి. కండరాల మధ్య బలమైన పొరలు గోడల్లా నిలబడి కంతిని కొంతకాలం ఒక గదిలో బంధించి ఉంచుతాయి. శస్త్రవైద్యుడు ఆ కండరంలో కొంత భాగాన్ని కంతితో పాటు తీసివేసినా కాలు పనిచేస్తుంది. పాదంలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ చర్మానికీ ఎముకకూ మధ్య దూరం తక్కువ. మధ్యపాదంలోనూ వెనుకపాదంలోనూ కంతిని ఆపే గోడలు లేవు. నరాలు, రక్తనాళాలు, స్నాయువులు ఇరుకుదారిలో ఒకదానినొకటి ఒరుసుకొని పోతాయి. తప్పుచోట పెట్టిన కోత, అందులో చిమ్మిన రక్తం కంతికణాలను వీటన్నిటి వెంటా తీసుకుపోతాయి. ఆ తరువాత శుభ్రంగా తొలగించాలంటే తీయవలసింది ఒక ఎముకను కాదు, పాదంలో సగాన్ని.

పైగా అరికాలి చర్మం వంటిది శరీరంలో మరెక్కడా లేదు. జీవితమంతా మన బరువును మోయడానికి తయారైన చర్మం అది. దాన్ని పోగొట్టుకుంటే తొడనుంచి తెచ్చిన చర్మం ఆ పని అంత బాగా చేయలేదు.

అందుకే కంతుల శస్త్రచికిత్సలో ఒక నియమం ఏర్పడింది. ముక్క తీసి పరీక్షించే పనిని చివరి శస్త్రచికిత్స చేయబోయే వైద్యుడే చేయాలి, లేదా ఆయన చెప్పిన చోట, చెప్పిన దారిలో ఇతరులు చేయాలి. కోత నిలువుగా, వీలైనంత చిన్నదిగా ఉండాలి. సూది దిగిన దారి తరువాత తీయబోయే భాగంలోకే రావాలి. ఎం.ఆర్‌.ఐ. అంతకుముందే తీయించాలి. ముక్క తీశాక తీస్తే లోపల చేరిన రక్తం కంతి సరిహద్దులను తారుమారు చేసి చూపిస్తుంది. రక్తస్రావం ఆపడానికి కాలికి పట్టీ బిగించినా, అంతకుముందు రబ్బరు గుడ్డతో పాదాన్ని గట్టిగా చుట్టి రక్తాన్ని పైకి పిండకూడదు. రక్తంతో పాటు కంతికణాలనూ పిండినట్లవుతుంది.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. అమెరికాలో బోస్టన్ నగరానికి చెందిన హెన్రీ మాంకిన్ అనే ఎముక కంతుల నిపుణుడు తన సహచరులతో కలిసి 1982లో 329 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వారిలో 15 మందికి, అంటే నూటికి నాలుగున్నర మందికి, ముక్క తీయడంలో జరిగిన లోపాల వల్ల అనవసరంగా అవయవం తీసివేయవలసి వచ్చింది. రోగిని పైకి పంపే ముందు స్థానిక ఆసుపత్రిలోనే ముక్క తీసినప్పుడు ఇలాంటి చిక్కులు చికిత్సా కేంద్రంలో తీసినప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వచ్చాయి. 1996లో 597 మందితో మళ్ళీ లెక్కలు తీశారు. పద్నాలుగేళ్ళు గడిచినా పరిస్థితి పెద్దగా మారలేదు. అప్పుడూ 18 మంది అనవసరంగా అవయవాలు పోగొట్టుకున్నారు. సకల సౌకర్యాలున్న దేశంలోనే ఇలా జరిగితే, తీసిన ముక్కను చెత్తబుట్టలో పారవేసే చోట ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

‘కెలికితే పాకుతుంది’ అన్న భయం

సూది పరీక్ష అనగానే కుటుంబసభ్యుల నుంచి వచ్చే మొదటి మాట ఇది: ‘గడ్డను కెలికితే రాచపుండవుతుందట కదా డాక్టరుగారూ!’ ఈ భయం పల్లెల్లోనే కాదు, చదువుకున్నవారి ఇళ్ళలోనూ ఉంది. మామూలు కంతి సూది గుచ్చినంత మాత్రాన క్యాన్సర్‌గా మారదు. సూది పరీక్ష తరువాత క్యాన్సర్ అని తేలితే, అది అంతకుముందే క్యాన్సర్ అన్నమాట. సూది దాని పేరు చెప్పింది, అంతే.

అయితే ఈ భయంలో ఒక నిజం దాగి ఉంది. సూది వెళ్ళిన దారిలో కొన్ని కణాలు మిగలవచ్చు. అందుకే ఆ దారిని ముందే లెక్కగట్టి, చివరి శస్త్రచికిత్సలో కంతితో పాటు తీసివేస్తారు. దారి తప్పిన సూది ప్రమాదకరమే. అసలు సూదే లేకుండా దిగిన కత్తి అంతకు వంద రెట్లు ప్రమాదకరం. విచిత్రమేమిటంటే, సన్నని సూదికి భయపడే కుటుంబమే నాలుగంగుళాల కోతకు ఒక్క ప్రశ్న వేయకుండా సంతకం పెడుతుంది.

పేరు తెలిశాక చేసే శస్త్రచికిత్స

మహాకణ కంతి అని తేలితే ఏం చేయాలి? ముందుగా ఛాతీని పరీక్షించి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని నిర్ధారించుకోవాలి. తరువాత ఎముక గోడలో పెద్ద కిటికీ తెరవాలి. చిన్న రంధ్రంలోంచి గోకితే మూలల్లోని కంతి కంటికి కనబడదు, మిగిలిపోతుంది. గోకిన తరువాత వేగంగా తిరిగే బర్ర్ అనే మరతో గోడలను మరికొంత చెక్కాలి. ఆ పైన ఫినాల్ వంటి రసాయనంతోనో, ద్రవ నత్రజనితోనో మిగిలిన కణాలను చంపడం ఉంది. ఏర్పడిన గుల్లను ఎముక సిమెంటుతో గాని, శరీరంలో మరోచోట నుంచి తెచ్చిన ఎముకతో గాని నింపుతారు. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే వేడి కొన్ని కణాలను చంపుతుంది. తరువాత కంతి తిరిగి వస్తే తెల్లని సిమెంటు పక్కన నల్లని గీతలా ఎక్స్‌రేలో తొందరగా కనబడుతుంది. తిరిగి వచ్చేది ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే గనుక ఆ కాలమంతా క్రమం తప్పక పరీక్షలు చేయించుకోవాలి. నొప్పి లేదు కదా అని మానివేయకూడదు.

ఇక్కడ మరొక తొందరపాటును కూడా ప్రస్తావించాలి. డెనోసుమాబ్ అనే సూదిమందును 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మహాకణ కంతికి ఆమోదించింది. శస్త్రచికిత్సతో తీయడం వీలుకానివారికి, తీస్తే తీవ్రమైన వైకల్యం వచ్చేవారికి దాన్ని ఉద్దేశించింది. వారికది నిజంగా వరమే. కాని గోకి తీయగలిగిన కంతికి కూడా ‘ముందు ఈ మందిచ్చి గట్టిపరుద్దాం’ అనే అలవాటు పెరిగింది. మందు వల్ల కంతి అంచున కొత్త ఎముక పేరుకుంటుంది. బతికి ఉన్న కణాలు ఆ పెంకులో దాక్కుంటాయి. శస్త్రవైద్యుడు అది మంచి ఎముక అనుకొని వదిలేస్తాడు. ఈ మందు ఇచ్చి గోకినవారిలో కంతి తిరిగి రావడం ఎక్కువగా కనిపించిందని తరువాతి అధ్యయనాలు తెలిపాయి. కొత్త మందు గనుక వాడాలన్నది వైద్యం కాదు. ఎవరికి అవసరమో నిర్ణయించి ఇవ్వడమే వైద్యం.

‘కాలు కాపాడాం’ అన్న గొప్పలు

కంతి ప్రాణాంతకమైనదని తేలినప్పుడు సమస్య మరో రూపం ధరిస్తుంది. ఆస్టియోసార్కోమాకు 1970ల ముందు కాలు తీసివేసినా ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురు ఊపిరితిత్తులకు వ్యాధి పాకి మరణించేవారు. కీమోథెరపీ వచ్చాక, వేరేచోటికి పాకకముందే పట్టుకున్నవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది బతుకుతున్నారు. కంతిని పూర్తిగా, శుభ్రమైన అంచులతో తీయగలిగినప్పుడు కాలు ఉంచినవారి ఆయుర్దాయం కాలు తీసినవారితో సమానంగానే ఉన్నదని కూడా రుజువైంది. ఇవన్నీ గొప్ప విజయాలు.

కాని ఈ విజయం ప్రకటనగా మారింది. ఏ పరిస్థితిలోనైనా అవయవాన్ని కాపాడటమే నైపుణ్యమని, తీయడం ఓటమి అని ప్రచారం జరుగుతోంది. మోకాలి దగ్గర ఎముకకు బదులు లోహపు కీలు అమర్చవచ్చు. మడమ ఎముకకు అంతటి సాటి లేదు. కొందరిలో మడమ ఎముకను తీసి నడిచే పాదాన్ని మిగల్చడం సాధ్యమే. కాని కంతి చుట్టుపక్కలకు పాకినప్పుడు, అరికాలి చర్మాన్ని, నరాలను కలిపి తీయవలసి వచ్చినప్పుడు, మిగిలే పాదం స్పర్శ లేని, పుండ్లు పడే, బరువు మోయలేని పాదం. అలాంటప్పుడు మోకాలి కింద తీసివేసి మంచి కృత్రిమ కాలు పెట్టుకోవడం మేలైన నడకను ఇస్తుంది. మన దేశంలోనే 1968లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి జైపూర్ పాదాన్ని రూపొందించారు. దానితో చెప్పుల్లేకుండా నడవవచ్చు, నేలమీద కూర్చోవచ్చు, పొలంలో దిగవచ్చు. అది మన జీవన విధానాన్ని ఎరిగినవారు చేసిన పాదం.

కాలు తీస్తారన్న భయంతో ఆసుపత్రినుంచి పారిపోయి, పసరు మందులతో నెలలు గడిపి, దగ్గుతో నెత్తురు పడుతున్నప్పుడు తిరిగి వచ్చినవారిని చూశాను. వారిని నిందించను. ‘కాలు పోతే మనిషి పోయినట్లే’ అన్న భావాన్ని వారికి నూరిపోసినవారిలో మన వైద్యులూ ఉన్నారు. పాదమా ప్రాణమా అన్న ప్రశ్న వచ్చినప్పుడు దాపరికం లేకుండా కూర్చోబెట్టి చెప్పడం, కృత్రిమ కాలితో నడుస్తున్న మరొక మనిషిని చూపించడం వైద్యుడి బాధ్యత.

ఎదురయ్యే వాదనలు

మొదటిది ఖర్చు. ఎం.ఆర్‌.ఐ., సూది పరీక్ష, దూర ప్రయాణం పేదవాడు భరించగలడా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని తప్పుడు శస్త్రచికిత్స తరువాత జరిగే రెండో శస్త్రచికిత్స, పోయిన కూలి, జీవితాంతం ఉండే వైకల్యం ఈ లెక్కలో ఎవరూ వేయరు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటినుంచి పేదలకు క్యాన్సర్ శస్త్రచికిత్సలు ఉచితంగా చేయించుకునే మార్గం ఉంది. హైదరాబాదులో ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఉన్నాయి. విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రాయలసీమ వారికి తిరుపతి, వేలూరు అందుబాటులో ఉన్నాయి.

రెండవది ఆలస్యం. ‘ఇన్ని పరీక్షలు చేసేలోగా పెరిగిపోతుంది’ అంటారు. పరీక్షలకు పట్టేది వారమో పదిహేను రోజులో. నెలలపాటు మర్దనలతో గడిపిన తరువాత, సరిగ్గా నిర్ధారణ దగ్గరకు వచ్చేసరికి తొందర గుర్తుకు రావడం సబబు కాదు.

మూడవది, ప్రతి గడ్డకూ ఇంత హంగామా అవసరమా అన్నది. లేదు. గోరు కింద పుట్టే చిన్న ఎముక మొలక, చూపుకే పోల్చుకోగలిగిన కొన్ని మెత్తటి ఎముక కంతులు అనుభవజ్ఞుడైన రేడియాలజిస్టు ఎక్స్‌రేలోనో సి.టి.లోనో చెప్పగలిగినవే. వాటికి ముందుగా సూది అవసరం లేకపోవచ్చు. కాని ఆ మాట చెప్పవలసింది చిత్రాలను చూసిన నిపుణుడు. చిత్రమే తీయనివారికి ఆ మినహాయింపు వర్తించదు.

నాలుగవది, సూది పరీక్ష కూడా తప్పవచ్చు కదా అన్నది. తప్పవచ్చు. అందుకే ఎముకల వైద్యుడు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు ముగ్గురూ కలిసి కూర్చోవాలి. ముగ్గురి మాటా ఒక్కటైతే ముందుకు పోవాలి. పొసగకపోతే మళ్ళీ పరీక్షించాలి. పరీక్ష ఒక్కోసారి తప్పుతుందన్నది అసలు పరీక్షే మానివేయడానికి కారణం కాజాలదు.

ఏం జరగాలి?

ప్రభుత్వ పథకాలు, బీమా సంస్థలు శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతి ఇచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. ఎముక కంతి అని రాసిన ప్రతి దరఖాస్తుకు చిత్రాలు, బయాప్సీ నివేదిక జతపరచాలని, బయాప్సీ అవసరం లేదంటే ఆ కారణాన్ని నిపుణుడు రాసి ఇవ్వాలని ఖచ్చితమైన షరతు ఉండాలి. శరీరంలోనుంచి తీసిన ఏ గడ్డనైనా పాథాలజీకి పంపడం ప్రతి ఆసుపత్రికి తప్పనిసరి కావాలి. పంపనివారికి డబ్బు చెల్లించకూడదు. జిల్లా ఆసుపత్రుల వైద్యులకు కావలసింది కంతిని తీసే శిక్షణ కాదు. కంతిని అనుమానించి, తాకకుండా, సరైన చోటికి పంపే శిక్షణ. అలా పంపడాన్ని చేతకానితనంగా చూసే ధోరణి మన వృత్తిలోనుంచి పోవాలి.

ఇక పాఠకులు చేయగలిగినది. మీకో మీ ఇంట్లోవారికో పాదంలో గడ్డ తీయాలని ఎవరైనా చెబితే, సంతకం పెట్టేముందు మర్యాదగా అయిదు ప్రశ్నలు అడగండి. ఎక్స్‌రే ఏం చెబుతోంది? ఇది ఎముకనుంచి పుట్టిందా, పైనుంచా? దీని పేరు తెలిసిందా, తెలియకపోతే సూది పరీక్ష ఎందుకు చేయడం లేదు? తీసిన ముక్కను ఎక్కడికి పంపుతారు, నివేదిక మాకు ఎప్పుడిస్తారు? ఇది ప్రమాదకరమైనదని తేలితే తరువాతి చికిత్స మీరే చేస్తారా? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపగించడు. కోపగించుకుంటే మరొకచోట రెండో అభిప్రాయం తీసుకోవడానికి ఆ కోపమే తగినంత కారణం. మీ ఎక్స్‌రేలు, పాథాలజీ నివేదికలు, దొరికితే గాజుపలకలతో సహా భద్రపరచుకోండి. రేపు వాటితోనే పని పడవచ్చు.

అరుదైన వ్యాధి కదా, మనకెందుకు అనుకోవద్దు. అరుదైనది గనుకనే దానికి ముందుగా మనం మేలుకోవాలి. తరచుగా వచ్చే వ్యాధిని వైద్యుడి అనుభవమే పట్టుకుంటుంది. అరుదైన వ్యాధిని పట్టుకునేది నియమం ఒక్కటే. ముందు చిత్రం, తరువాత సూది, ఆ తరువాతే కత్తి. ఈ వరుస తప్పినచోట ఎంత నేర్పుగల చేయి అయినా రోగికి మేలు చేయలేదు.